వీసా ముద్ర కొరకు స్వదేశయాత్ర – కుటుంబ విహారము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావించిన ఉపన్యాస పాఠము)



“మా అబ్బాయి స్టాంపింగుకు వస్తున్నాడు” అను మాట నేడు నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల గ్రామములలో తఱచుగా వినబడుచున్నది. ఇరువదియైదు సంవత్సరములకు పూర్వము మన రచ్చబండలకడ ఇది అరుదైన మాట. ఈ కబురు చెవిని పడినంతనే తల్లి అరిసెలకు బియ్యము నానవేయును. తండ్రి ఇంటికి వెల్ల వేయించును. కొడుకు పండుగకు వచ్చుచున్నాడనియే వారి తలంపు. వచ్చువాని మనస్సులో మాత్రము పండుగకంటె ముందు, హైదరాబాదులో ఒక కిటికీ యెదుట నిలువవలసిన ఉదయము మెదలుచుండును. ఒకే ప్రయాణమునకు ఇట్లు రెండు పనులు పడినవి. ఆ రెంటిని ఎట్లు కలుపుకొనవచ్చును, ఎచ్చట వేరుపఱచుకొనవలెను అనునదియే నేటి ప్రసంగ విషయము.

మొదట ఒక అపోహను తొలగింపవలసియున్నది. “అమెరికాలో ఉద్యోగమున్నది, ఇల్లున్నది, పన్ను కట్టుచున్నాడు, మరల వీసా యెందులకు?” అని పెద్దలు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. వీసా అనునది ఆ దేశపు వాకిట చూపవలసిన చీటి. లోపల నివసించుటకు ఇచ్చు అనుమతి వేఱొకటి. దానిని ఐ-94 అందురు. ఉద్యోగమిచ్చిన సంస్థ అర్జీ పెట్టి ఆ అనుమతిని పొడిగింపించినచో, పాస్‌పోర్టులోని వీసా గడువు ఎన్నడో తీరియున్నను, లోపలనున్నవాడు న్యాయముగనే ఉండవచ్చును. కాని ఒకసారి గడప దాటి వెలుపలికి వచ్చెనా, మరల లోనికి పోవుటకు క్రొత్త చీటి కావలెను. ఆ చీటిని వెలుపలి దేశములలోనున్న అమెరికా కాన్సులేటులలోనే యిత్తురు. పాస్‌పోర్టు పుటపై అంటించు ఆ కాగితమునకే మనవారు స్టాంపింగు అని పేరు పెట్టిరి.

పూర్వము ఇంత శ్రమ లేదు. అమెరికాలో నివసించుచు, తపాలా ద్వారా పాస్‌పోర్టును అక్కడి ప్రభుత్వ శాఖకు పంపి క్రొత్త వీసా తెప్పించుకొను పద్ధతి యుండెడిది. ప్రతి వీసాకును వ్రేలిముద్రలు తీసికొనవలెనని 2002లో ఆ దేశమున చట్టము వచ్చినది. తపాలాలో వ్రేళ్లను పంపజాలరు గదా! 2004 జూలై 16 తరువాత ఉద్యోగ వీసాలకు అట్టి దరఖాస్తులను స్వీకరించుట మానివేసిరి. ఇరువది యేండ్ల పిమ్మట, 2024 జనవరి 29 నుండి ఏప్రిల్ 1 వరకు, 20,000 మందికి మించకుండ, దేశము లోపలనే వీసా పునరుద్ధరించు ప్రయోగ మొకటి జరిగినది. అదియు హెచ్-1బి ఉద్యోగులకు మాత్రమే గాని వారి భార్యాబిడ్డలకు వర్తింపలేదు. భర్తకు ఇంటిలోనే ముద్ర పడి, భార్య సముద్రము దాటవలసివచ్చు ఆ యేర్పాటు వలన కుటుంబములకు కలిగిన మేలు స్వల్పమే.

ఈ ముద్ర అక్కఱ ఒక పర్యాయముతో తీరునది కాదు. 1990 నాటి చట్టముచే ఏర్పడిన హెచ్-1బి అనుమతిని సామాన్యముగా మూడేసి సంవత్సరముల చొప్పున ఆరు సంవత్సరముల వరకు ఇత్తురు. శాశ్వత నివాసమునకు దరఖాస్తు పెట్టి వరుసలో నున్నవారికి ఆరేండ్లు దాటిన పిదప గూడ పొడిగింపు లభించునట్లు 2000 సంవత్సరములో మఱియొక చట్టము చేసిరి. ఉద్యోగులకు ఏటేట ఇచ్చు శాశ్వత నివాస పత్రములలో ఏ యొక్క దేశమువారికిని సాధారణముగా నూటికి 7కు మించి ఈయరాదని నియమము. భారతీయులు అనేకులు, పాలు స్వల్పము. అందుచేత వరుస సంవత్సరముల తరబడి సాగుచున్నది. పెండ్లినాడు పోయినవాడు, కూతురు పెద్దబడి చేరునాటికి గూడ మూడేండ్ల కొకసారి ముద్ర కొరకు తిరుగుచునే యుండును.

అదే యింటిలో అక్కడ పుట్టిన పిల్లల సంగతి వేరు. వారు పుట్టుకచేతనే అమెరికా పౌరులు. తిరిగి పోవుటకు వారికి వీసాతో పని లేదు. కాని తాతయ్య ఊరికి రావలెనన్న వారికి భారత ప్రభుత్వపు అనుమతి కావలెను. 2005లో వచ్చిన ఓ.సి.ఐ. పత్రమైనను ఉండవలెను, లేక భారత వీసాయైనను తీసికొనవలెను. తండ్రి తాను అద్దె కట్టుచున్న ఇంటికి పోవుటకు ఒక దేశమును అడుగవలెను. మనుమడు తాత కట్టిన ఇంటికి వచ్చుటకు మఱియొక దేశమును అడుగవలెను. సరిహద్దుల చిత్రమిది. మన నాగార్జునకొండలో మూడవ శతాబ్దమున, ఇక్ష్వాకుల కాలమున, సింహళ దేశపు భిక్షువుల కొరకు విహారము కట్టించిరని శాసనము చెప్పుచున్నది. కృష్ణాతీరమునకు వచ్చిన ఆ పరదేశీయుల కెవ్వరైన గడువు విధించిన జాడ శాసనములో లేదు.

ఈ చీటి బరువు ఎంతయో ఇంట జబ్బు చేసినప్పుడు తెలియును. తండ్రికి గుండెనొప్పి వచ్చి గుంటూరు ఆసుపత్రిలో చేర్చిరని అర్ధరాత్రి కబురందిన కుమారుని స్థితి ఊహింపుడు. విమానమెక్కుటకు వానికి అడ్డము లేదు. స్వదేశమునకు వచ్చుటకు వీసా అక్కఱలేదు. తిరిగి పోవుటకే చిక్కు. ఇంటర్వ్యూ ఎప్పటికి దొరకునో తెలియదు. అంతవరకు ఉద్యోగము నిలుచునో లేదో తెలియదు. భార్యయు పిల్లలును అక్కడ, బడులు అక్కడ, ఇంటి అప్పు అక్కడ. వాడు ఒక దినము ఆలోచించును. ఆ యొక్క దినము ఆలస్యమునకే ఇక్కడ బంధువులు “డబ్బు మరిగినాడు, నాయన అక్కఱలేదు” అని యందురు. చావునకు రాలేదను నింద కొన్ని కుటుంబములలో కర్మాంతరమునాటితో తీరక ఏండ్ల తరబడి నిలుచుచున్నది. వానికి అడ్డుపడినది కాగితమని చెప్పినచో సాకు చెప్పుచున్నాడనియే తలంతురు. ఈ గ్రంథాలయ పాఠకులైనను ఆ కాగితము సంగతి తెలిసికొనియున్నచో, ఊరిలో నలుగురికి చెప్పగలరు.

ఇట్టి సమయములందు ఒక మార్గము కలదు. ముందు రుసుము చెల్లించి, దొరకిన దూరపు తేదీకే ఇంటర్వ్యూ నిర్ణయించుకొని, పిమ్మట కారణము చూపి తొందర తేదీ నిమ్మని కాన్సులేటును కోరవచ్చును. ప్రాణాపాయమైన జబ్బు, అతిదగ్గరి బంధువుల మరణము వంటివి వారు పరిశీలింతురు; తప్పక యిత్తురని మాత్రము చెప్పుటకు వీలు లేదు. ఆసుపత్రి చీటి, వైద్యుని లేఖ మొదలగునవి ఇంటివారు వెంటనే చిత్రము తీసి పంపినచో పని కొంత తేలికపడును.

ఇక విహారము మాట. తెలుగువారు ఈ ముద్ర ప్రయాణమునకు విహారమును జోడించుట నేటిది కాదు. హైదరాబాదులో కాన్సులేటు లేని దినములలో మనవారికి మద్రాసే దిక్కు. మౌంటు రోడ్డులో జెమినీ కూడలియొద్ద తెల్లవారకమునుపే వరుసలో నిలిచి, పని ముగించుకొని, సాయంకాలము మెరీనా తీరమున సముద్రము చూచి, మఱునాడు చీరలు కొని బండి యెక్కెడివారు. 2008లో హైదరాబాదులో బేగంపేటయందలి పైగా ప్యాలెసులో అమెరికా కాన్సులేటు వెలసినది. స్వాతంత్ర్యానంతరము భారతదేశమున ఆ దేశము క్రొత్తగా తెఱచిన మొదటి కార్యాలయ మదియే. 2023 మార్చిలో అది నగరపు పడమటి దిక్కున నానక్‌రాంగూడలోని స్వంత భవనమునకు మారినది.

మఱికొందఱు భారతదేశమునకు రాక, పొరుగుననున్న కెనడాకో మెక్సికోకో పోయి ముద్ర వేయించుకొనెడివారు. టొరంటోలో ఇంటర్వ్యూ, ఆ వెంటనే నయాగరా జలపాతము. వాంకూవరులో ఇంటర్వ్యూ, అక్కడి స్టాన్లీ పార్కులో పిల్లలతో షికారు. నాలుగు దినములలో పని, వేడుక రెండును తీరెడివి. నయాగరాలో కెనడావైపున నున్న గుఱ్ఱపులాడపు జలపాతము 180 అడుగులకు మించిన ఎత్తు గలది. మాచర్ల పొంతనున్న మన ఎత్తిపోతల 70 అడుగులు. కొలతకు చిన్నదైనను చంద్రవంక నీరు నిండుగా దూకునప్పుడు అదియు చూడదగినదే. ఆ నీటి కొరకు వీసా అక్కఱలేదనునది దానియందలి అధికగుణము.

ఆ పొరుగుదేశపు విహారమునకు ఒక ముల్లు ఉండెను. కెనడా, మెక్సికోలకు పోయి 30 దినములలోపల తిరిగివచ్చువారికి, వీసా గడువు తీరినను ఐ-94 చెల్లుబడిలో నున్నచో ప్రవేశమిచ్చు వెసులుబాటు కలదు. అయితే అక్కడి కాన్సులేటులో క్రొత్త వీసాకు దరఖాస్తు పెట్టినవానికి ఆ వెసులుబాటు వర్తింపదు. అనగా వీసా అడుగక విహారమునకే పోయినవాడు తిరిగి రావచ్చును. అడిగి, వెంటనే పొందలేనివాడు రాలేడు. 221(జీ) అను సెక్షను క్రింద “మఱింత పరిశీలింపవలసియున్నది” అని చీటి చేతికిచ్చినచో, నాలుగు దినముల బట్టలతో పోయిన కుటుంబము అక్కడనే వారములకొలది కూర్చుండవలెను, లేదా అటునుండి అటే భారతదేశమునకు రావలెను. ఇక్కడ స్నానపు గదిలోని పంపు విడిచి వచ్చితిమా, అక్కడ కారు ఎక్కడ నిలిపితిమి అను చింతతో హోటలు గదిలో దినములు లెక్కించుట ఏపాటి విహారము? 2025 సెప్టెంబరులో ఈ మార్గమే దాదాపు మూసికొనిపోయినది. తాత్కాలిక వీసాలు కోరువారు తమ పౌరసత్వపు దేశములోగాని, నివాసమున్న దేశములోగాని దరఖాస్తు చేయవలెనని అమెరికా విదేశాంగశాఖ ఆ నెల 6వ తేదీన ప్రకటించినది. అమెరికాలో నివసించు భారతీయునకు అమెరికాలో అమెరికా కాన్సులేటు ఉండదు గదా. కనుక భారతదేశమే మిగిలినది. టొరంటో విహారము పోయి అరిసెల విహారము వచ్చినది. తల్లిదండ్రుల దృష్టిలో ఇది నష్టము కాదు.

ఆ సంవత్సరము తక్కిన విషయములలోను కఠినముగనే గడచినది. 2025 సెప్టెంబరు 19న క్రొత్త హెచ్-1బి అర్జీలపై 100,000 డాలర్ల రుసుము ప్రకటింపబడగా, అది తమకును వర్తించునేమోయను భయముతో సెలవులకు వచ్చినవారు అనేకులు ఉన్నపాటున విమానాశ్రయములకు పరుగిడిరి. పునరుద్ధరణలకు వర్తింపదని మఱునాడు స్పష్టపఱచిరి. అదే సంవత్సరము శరదృతువునుండి, ఇంటర్వ్యూ లేకుండ పెట్టెలో కాగితములు వేసి వచ్చు సౌకర్యము ఉద్యోగ వీసాలవారికి దాదాపు తొలగిపోయినది. పసిపిల్లలు, వృద్ధులు సైతము స్వయముగా హాజరు కావలసివచ్చినది. పిమ్మట డిసెంబరు 15 నుండి హెచ్-1బి, హెచ్-4 అభ్యర్థుల సామాజిక మాధ్యమ ఖాతాలను పరిశీలించు నిబంధన అమలులోనికి వచ్చినది. దానివలన దినమునకు చూడగలిగిన అభ్యర్థుల సంఖ్య తగ్గి, డిసెంబరు నడిమి నుండి నిర్ణయమైయున్న ఇంటర్వ్యూలను 2026 మార్చికిని, ఆ పై నెలలకును వాయిదా వేసిరి. క్రిస్మసు సెలవులలో ముద్ర వేయించుకొని, వీలైనచో సంక్రాంతి ముగ్గులు గూడ చూచుకొని పోదమని టిక్కెట్లు కొన్నవారిలో కొందఱు అప్పటికే విమానము దిగియుండిరి. పాత తేదీకి వచ్చినచో లోనికి రానీయమని రాయబార కార్యాలయము ముందుగనే తెలిపినది. పండుగకు కొడుకు ఇంట నుండుటకు సంతోషింపవలెనో, వాని ఉద్యోగము కొరకు దిగులుపడవలెనో తోచని ఇండ్లు ఆ సంక్రాంతికి తెలుగునాట తక్కువ కావు.

ఈ యనుభవముల వెనుక, రెండు పనులను కలుపవచ్చునా యను ప్రశ్నకు సమాధానము: కలుపవచ్చును, విహారము ముద్రపై ఆధారపడని విధముగా. ముద్ర ఆలస్యమైనను చెడని విహారము కావలెను. విహారము కొరకు తొందరపడని ముద్ర కావలెను.

ఉదాహరణమునకు గురజాల ప్రాంతపు కుటుంబ మొకదానిని అనుకొందము. కొడుకునకును కోడలికిని వీసా గడువు తీరినది. అక్కడ పుట్టిన ఇద్దఱు పిల్లలకు ఆ పని లేదు. ముందు ఊరికి వచ్చి, పదిదినములుండి, తిరుగు ప్రయాణమున హైదరాబాదులో ముద్ర చూచుకొందుమని తల్లి కోరును. ఆమె కోరిక సహజమే గాని అది ప్రమాదకరము. వీసా మంజూరైన పిదప పాస్‌పోర్టును కాన్సులేటువారే ఉంచుకొని, కొన్ని దినములకు తిరిగి పంపుదురు. 221(జీ) చీటి వచ్చినచో ఎన్ని వారములో చెప్పలేము. అందుచేత విమానము దిగిన వెంటనే, నిద్రబడలిక తీరుటకు రెండు దినములు విడిచి, ముద్ర పని ముందు పెట్టుకొనవలెను. ముద్ర ముందు, ముగ్గులు పిమ్మట. తల్లి ఊరిలో ఎదురుచూచుటకు బదులు తల్లిదండ్రులే హైదరాబాదునకు రావలెను. పిడుగురాళ్లలోగాని నడికుడిలోగాని పల్నాడు ఎక్స్‌ప్రెసు ఎక్కవచ్చును. మాచర్లవారికి నాగార్జునసాగరము మీదుగా దారి దగ్గఱ. ఆ వారము దినములు కుటుంబమంతయు నగరములో ఒక్కచోట నుండుటయే విహారము. సామాన్యముగా కొడుకు కారులో నాలుగు గంటలు నిదురించి, ఊరిలో బంధువులనడుమ దొరకకుండ పోవును. తల్లికి కొడుకు నిజముగా దొరకునది ఈ నగరపు దినములలోనే.

మొదటి దినము పని వ్రేలిముద్రలు, ఛాయాచిత్రము. ఆ కేంద్రము హైటెక్ సిటీ మెట్రో స్టేషనులోనే యున్నది. కాబట్టి అమీర్‌పేటవైపు దిగినవారు మెట్రోబండిలోనే పోవచ్చును. పల్నాటి పెద్దలలో మెట్రో ఎక్కనివారు ఇంకను అనేకులు. మనుమలు చేయి పట్టుకొని ఎక్కించుట ఉభయులకును వేడుక. పెద్దలు పిల్లలతో వెలుపల కాఫీ త్రాగుచుండగా లోపలి పని ముగియును.

రెండవది ఇంటర్వ్యూ. దీనికి వీసా కోరువారు మాత్రమే పోవలెను. సెల్‌ఫోనులు లోనికి రానీయరు. దాచుటకు అక్కడ చోటు కూడ లేదు. వానిని బసలో విడిచిపోవుటయో, వెంటవచ్చినవారి చేతికిచ్చుటయో చేయవలెను. వృద్ధులను ఎండలో గేటుకడ నిలిపి “ఏమైనదో” అని ఎదురుచూచునట్లు చేయుట తగదు. పని ముగిసి బసకు చేరినవాడు చెప్పునంతవరకు వారిని మనుమల కావలికి నియమించుట మేలు. లోపల అడుగునవి సామాన్యముగా కొద్ది ప్రశ్నలే: ఏ సంస్థ, ఏ పని, ఎంత జీతము, ఎన్నాళ్లనుండి. పాస్‌పోర్టులు పాతవి, క్రొత్తవి, దరఖాస్తు నిర్ధారణ పత్రము, సంస్థ అర్జీ మంజూరు పత్రమగు ఐ-797, సంస్థ లేఖ, ఇటీవలి జీతపు చీటీలు, కోడలికి వివాహ ధ్రువపత్రము. ఇవి ఒక సంచిలో, వాని ప్రతులు వేఱొక సంచిలో నుండవలెను. రుసుము ఒక్కొక్కరికి 205 డాలర్లు; 2023 జూన్ నుండి ఇది అమలులో నున్నది.

పేరు విషయము ప్రత్యేకముగా చెప్పదగినది. ఇంటిపేరు ముందు వ్రాయుట, దానిని ఒక్క అక్షరమునకు కుదించుట మన యాచారము. దానిచే పాస్‌పోర్టులో పేరంతయు ఒకే గడిలో పడినవారు కొందఱున్నారు. అట్టివారి వీసాలో రెండవ గడిలో “ఎఫ్.ఎన్.యు.” అని వేయుదురు, పేరు తెలియదని దాని భావము. తాత పేరు, కులదైవము పేరు కలిపి పెట్టిన నాలుగు మాటల పేరుగలవాడు అమెరికాలో పేరులేనివాడగుట విడ్డూరము. పిల్లలకు పాస్‌పోర్టు తీయునప్పుడే ఇంటిపేరును, పెట్టిన పేరును వేరువేరు గడులలో నిండుగా వ్రాయించుట తాతల బాధ్యత.

తేదీలను త్వరగా ఇప్పింతుమని చెప్పి సొమ్ము గుంజు దళారుల మాట నమ్మరాదు. యంత్రముల సాయముతో మూకుమ్మడిగా తీసికొన్న సుమారు 2,000 తేదీలను 2025 మార్చిలో రాయబార కార్యాలయము రద్దు చేసినది. ఆ తేదీలను నమ్మి విమానపు టిక్కెట్లు కొన్నవారికి ఏ దళారి బదులు చెప్పును?

ముద్ర పని ముగిసి పాస్‌పోర్టు రావలసియున్న దినములే విహారమునకు అనువైనవి. నానక్‌రాంగూడకు గోలకొండ దగ్గఱ. ఉదయమే పోయినచో ఎండ తగులదు. ఫతే దర్వాజాకడ చప్పట్లు చఱచినచో పైనున్న బాలాహిస్సారున వినబడునను సంగతి పిల్లలకు పరీక్షింపనీయవలెను. మోకాళ్ల నొప్పులు గల నాయనమ్మ పైకి ఎక్కనక్కఱలేదు. రామదాసు చెఱయని చూపు చోటు చూచిన చాలును. ఆ కథ మనుమలకు చెప్పుటకు ఆమెకంటె యోగ్యులు లేరు. సాలార్‌జంగు ప్రదర్శనశాల 1951లో మొదలై, 1968లో నేటి భవనమునకు మారినది. అక్కడి గడియారములోనుండి చిన్న బొమ్మ వెలువడి గంట కొట్టుటను చూడ పిల్లలు ముందుగనే చోటు పట్టుకొనవలెను. శుక్రవారము ఆ శాలకు సెలవు, జంతుప్రదర్శనశాలకు సోమవారము. గ్రంథాలయాభిమానులు సుల్తాన్ బజారులోని శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయమును తప్పక చూడవలెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతుల కృషిచే 1901లో, తెలుగు చదువునకు నిజాము రాజ్యమున ఆదరణ లేని కాలమున, అది వెలసినది. అమెరికాలో తెలుగు అక్షరములు నేర్చుకొనుచున్న మనుమరాలికి ఒకే గదిలో అన్ని తెలుగు పుస్తకములుండుట ఒక వింత.

ఆ పిదప ఊరు. నాగార్జునసాగరము, దీవిపైనున్న నాగార్జునకొండ ప్రదర్శనశాల, ఎత్తిపోతల, మాచర్ల చెన్నకేశవస్వామి, కోటప్పకొండ — ఇవి పాస్‌పోర్టు చేతిలో లేకున్నను చూడదగినవి. సింగపూరు, బాలి ప్రయాణములను ఈ యాత్రలో చేర్చుట అవివేకము. పాస్‌పోర్టు కాన్సులేటులో నుండగా విమానాశ్రయము వఱకైనను పోలేరు. తిరుగు టిక్కెట్టు తేదీ మార్చుకొనుటకు వీలుగలదై యుండవలెను. ఇంట పెండ్లి ముహూర్తమో, మనుమని పంచెలకట్టు వేడుకయో పెట్టుకొన్నచో ఇంటర్వ్యూకు పూర్వము గాక పిమ్మట పది దినములకు పెట్టుకొనుట మంచిది. వెలుపల చిక్కుకొన్నచో ఎన్ని వారములు ఇక్కడనుండి పని చేయనిత్తురో సంస్థను ముందుగనే వ్రాతపూర్వకముగా అడిగి యుంచుకొనవలెను. భార్యకు వీసా ఇంకను చెల్లుబడిలో నున్నచో, భర్త ఒక్కడే వచ్చి ముద్ర వేయించుకొని పోవుట కొందఱి పద్ధతి. ఖర్చునకు, పిల్లల చదువునకు అదియే మేలు. తాతయ్య మాత్రము అందులకు ఒప్పుకొనడు.

పాస్‌పోర్టు చేతికి వచ్చినంతనే వీసాపైనున్న పేరు, పుట్టినతేదీ, సంస్థ వివరములు, గడువు సరిచూచుకొనవలెను. తప్పున్నచో ఊరికి బయలుదేరక మునుపే తెలుపవలెను. పాస్‌పోర్టు గడువు దగ్గఱపడియున్నచో అమెరికాలో దిగునప్పుడు అధికారి ఐ-94ను ఆ గడువు వఱకే కుదింపవచ్చును. మూడేండ్ల వీసా చేతనుండియు ఎనిమిది నెలలకే ఉండు అనుమతి తీరిపోయినవారు ఈ తనిఖీని మఱచినవారే. కాబట్టి దిగిన దినముననే ఐ-94 తేదీని వెలికితీసి చూచి, సరిగానున్నదని తెలిసికొని, పిమ్మట ఇంటికి ఫోను చేయవలెను. అమెరికాలో సాయంకాలమైనచో పల్నాటిలో అప్పటికి తెల్లవారుచుండును. తల్లి లేచియే యుండును.